చదివినట్టు లెక్క

1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం ఒకటి అచ్చయింది. విషయం నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్. అప్పటికింకా హైదరాబాద్ రాష్ట్రం ఉంది. వంగిపోయిన నడుములు, బిగుసుకుపోయిన కీళ్లు, గారపట్టిన పళ్లు ఇక్కడి ఊళ్లలో తరాలుగా కళ్లెదుట ఉన్నవే. వాటిని వైద్యలోకం కళ్లెదుట పెట్టిన తొలి రచనల్లో అదొకటి. ఆ తర్వాత నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేసి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఆ పేరు పట్టుకునే అది ఇథియోపియా, టాంజానియా దాకా పోయింది. ఇవాళ వైద్య జర్నళ్ల సైట్లలో వెతుకుడు పెట్టెలో ‘నల్లగొండ’ అని కొడితే ఫ్లోరైడ్ వ్యాసాలు కనిపిస్తాయి.

నల్లగొండ దగ్గర అన్నెపర్తిలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీలో ఒక పీజీ విద్యార్థిని అదే మాట కొట్టి, రెండు వ్యాసాలు తెరిచి, ఒకటి చదివి, దాన్ని దించుకుందనుకుందాం. ఆమె చదివినట్టు ఎవరి పుస్తకంలో ఎక్కుతుంది? ఒకసారి ఎక్కుతుందా, రెండుసార్లా, నాలుగుసార్లా? పనిలేని ప్రశ్నలా ఉంటుంది గానీ, దీనికి జవాబు చెప్పడానికి ప్రపంచంలోని లైబ్రరీలు, ప్రచురణ సంస్థలు కలిసి 2002 నుంచి ఒక నియమావళి రాస్తూ, దిద్దుతూ, మళ్లీ రాస్తూ ఉన్నాయి. దాని పేరు కౌంటర్. ఇప్పుడు నడుస్తున్నది రిలీజ్ 5.1.

ఈ రిలీజ్‌ను 2023 మేలో ప్రకటించారు. 2025 జనవరి లెక్కల నుంచి అమల్లోకి వచ్చింది. మన దగ్గర ప్రభుత్వ సంస్థలకు కేంద్రమే జర్నళ్ల చందా కట్టే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం మొదలైందీ సరిగ్గా ఆ నెల ఒకటో తారీఖునే. 2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం దీనికి 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలు, పరిశోధన సంస్థలు. అన్నెపర్తి యూనివర్సిటీ అయినా, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీ అయినా, రెండు పట్టణాల్లోని ప్రభుత్వ వైద్య కళాశాలలైనా పథకం పరిధిలోకి వచ్చేవే. 2007లో, 2008లో పుట్టిన యూనివర్సిటీలకు సొంత డబ్బుతో ఇన్ని జర్నళ్ల చందా కట్టడమనేది ఊహకు అందే మాట కాదు. కాబట్టి ఇది చిన్న సంగతేం కాదు.

అయితే మంత్రివర్గ నిర్ణయంలోనే ఇంకో మాట ఉంది. ఈ జర్నళ్లను ఎవరెంత వాడుతున్నారో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ అప్పుడప్పుడు సమీక్షిస్తుందని. అంటే వాడకం లెక్క ఇక లైబ్రేరియన్ బీరువాలో పడి ఉండే కాగితం కాదు. కాలేజీల నాణ్యత చూసే న్యాక్ వాళ్ల మదింపులో రోజుకు లైబ్రరీకి ఎంతమంది వస్తున్నారు, ఆన్‌లైన్ లాగిన్‌లు ఎన్ని అని అడిగే గడి డిగ్రీ కాలేజీల వాళ్లకు ముందే బాగా పరిచయం. ఆ గడి నింపే రోజు దగ్గరపడితే గేటు దగ్గరి రిజిస్టరుకు ఉన్నట్టుండి గౌరవం పెరుగుతుంది. నల్లగొండలో 1918లోనే షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయం పెట్టిన నాటి నుంచి ఈ నేలకు పఠన మందిరాలు కొత్త కాదు. పేపరు చదవడానికి వచ్చి సంతకం పెట్టినా ఒకటే, పొద్దంతా కూర్చుని పోటీ పరీక్షలకు చదివినా ఒకటే. గేటు రిజిస్టరులో ఇద్దరూ ఒక్కో గీతే. ఆన్‌లైన్‌లో ఆ గీత ఎక్కడ గీయాలన్నదే అసలు తగువు.

1990ల చివర్లో జర్నళ్లు వెబ్‌లోకి వచ్చినప్పుడు ఒక్కో సంస్థ ఒక్కో మానికతో కొలిచింది. కొందరు ‘హిట్లు’ చెప్పేవారు. ఒక పేజీలో 15 బొమ్మలుంటే, పేజీ ఒకటి, బొమ్మలు పదిహేను కలిపి సర్వరుకు 16 కోరికలు వెళ్తాయి. చదివింది ఒక్కరే, హిట్లు మాత్రం పదహారు! ఇంకొకరు పేజీలు లెక్కపెట్టేవారు, మరొకరు సెషన్లు. పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీల్లేదు. 1998లో లైబ్రరీ కూటముల అంతర్జాతీయ వేదిక కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని పునాదిగా చేసుకుని కౌంటర్ 2002లో మొదలైంది. మొదటి నియమావళి 2003 జనవరిలో వచ్చింది. ఇది చట్టం కాదు, ఒప్పుకోలు. ఒప్పుకున్న ప్రచురణ సంస్థ నెల ముగిసిన నాలుగు వారాల్లోగా నిర్ణీత రూపంలో లెక్క ఇవ్వాలి, ఏటా ఆడిట్ చేయించుకోవాలి.

ఇప్పుడు మన విద్యార్థిని దగ్గరికి వద్దాం. పొద్దున 11:05కు ఆమె ‘నల్లగొండ’ అని వెతికింది. ఇది ఒక వెతుకుడు. 11:06కు మొదటి వ్యాసం సారాంశం తెరిచింది. 11:07కు అదే వ్యాసం పూర్తి పాఠాన్ని వెబ్ పేజీలో తెరిచి చదివింది. 11:12కు దాన్నే పీడీఎఫ్‌గా దించుకుంది. నెట్ నెమ్మదిగా ఉండటంతో, పడిందో లేదోనని పది సెకన్లలో మళ్లీ నొక్కింది. 11:15కు రెండో వ్యాసం సారాంశం చూసి, తనకు పనికిరాదని మూసేసింది.

నియమావళి దీన్ని రెండు రకాలుగా చూస్తుంది. వ్యాసానికి సంబంధించిన ఏది తెరిచినా, సారాంశమైనా సరే, అది ‘ఇన్వెస్టిగేషన్’. అంటే ఆరా తీయడం. పూర్తి పాఠం తెరిస్తేనే ‘రిక్వెస్ట్’. ప్రతి రిక్వెస్టూ ఒక ఆరాయే, ప్రతి ఆరా రిక్వెస్ట్ కాదు. 30 సెకన్లలోపు అదే లింకును మళ్లీ నొక్కితే రెండూ కలిపి ఒకటే. కాబట్టి ఆమె తొందరపాటు నొక్కుడు లెక్కలోంచి పోయింది. మిగిలినవి చూస్తే మొత్తం ఆరాలు నాలుగు, అంటే రెండు సారాంశాలు, ఒక వెబ్ పేజీ, ఒక పీడీఎఫ్. మొత్తం రిక్వెస్టులు రెండు. అయితే ఒకే సెషన్‌లో ఒకే వ్యాసాన్ని ఎన్ని రూపాల్లో తెరిచినా ఒకటిగానే పట్టే ఇంకో లెక్క ఉంది, దాన్ని ‘యూనిక్’ అంటారు. ఆ లెక్కన ఆరాలు రెండు, రిక్వెస్ట్ ఒకటి.

ఒకటి, రెండు, నాలుగు. మూడూ నిజమే. డబ్బు మాట వచ్చినప్పుడు ఏది వాడతారన్నదే ముఖ్యం.

రిలీజ్ 4 దాకా జర్నళ్ల ప్రధాన నివేదికలో మన విద్యార్థిని లెక్క రెండు. వెబ్ పేజీ ఒకటి, పీడీఎఫ్ ఒకటి. ఇందులో మెలిక ఏమిటంటే, కొన్ని సైట్లు పీడీఎఫ్ కావాలన్నా ముందు పూర్తి పాఠం పేజీని బలవంతంగా తెరిపిస్తాయి. కొన్ని నేరుగా పీడీఎఫ్ ఇచ్చేస్తాయి. మొదటి రకం సైట్లో ప్రతి పాఠకుడూ రెండుగా కనబడతాడు. సైటు తయారీ తీరు ఒక్కటే వాడకం లెక్కను మార్చగలదని ఫిలిప్ డేవిస్, జేసన్ ప్రైస్ 2006లోనే చూపించారు. ఏడాది చందాను వాడకంతో భాగిస్తే వచ్చే ‘ఒక్కో వాడకానికి ఖర్చు’ మీదే లైబ్రరీలు జర్నల్ ఉంచాలా తీసేయాలా అని తేల్చుకుంటాయి. 50,000 రూపాయల జర్నల్‌ను 500 సార్లు చదివితే ఒక్కోదానికి వంద. సైటు తీరు వల్ల అదే 1,000గా కనబడితే యాభై. పాఠకులు పెరగలేదు, జర్నల్ మాత్రం చవకైపోయింది. 2019లో అమల్లోకి వచ్చిన రిలీజ్ 5 ‘యూనిక్’ లెక్కను తెచ్చింది ప్రధానంగా ఈ రెట్టింపును తుంచడానికే. అప్పట్లో పాత నివేదిక, కొత్త నివేదిక పక్కపక్కన పెట్టుకుని, చదివేవాళ్లు తగ్గారని కంగారుపడితే అది కొలత మారడం వల్ల వచ్చిన కంగారే.

5.1లో మార్పులు అంత పెద్దవి కావు గానీ మనలాంటి చోట్ల వాటి పని ఎక్కువ. ఒకటి పుస్తకాల సంగతి. ఒక సంస్థ ఈ-పుస్తకాన్ని గంపగుత్తగా ఒకే ఫైలుగా ఇస్తుంది, ఇంకొకటి అధ్యాయాలుగా విడగొట్టి ఇస్తుంది. మొత్తం లెక్కలు పక్కపక్కన పెడితే రెండో దానికి ఎక్కువ పాఠకులున్నట్టు ఉంటుంది. 5.1లో పుస్తకాలకు అధ్యాయమే లెక్కకు మూలం. దానితో పాటు, ఒక సెషన్‌లో ఎన్ని అధ్యాయాలు తెరిచినా పుస్తకం ఒకటే అనే లెక్క విడిగా ఉంటుంది. పుస్తకాన్ని పుస్తకంతో పోల్చాలంటే చూడాల్సింది దాన్నే.

ఇంకో మార్పు చందా కట్టనవసరం లేని వాటి గురించి. ఇప్పుడు ప్రతి వాడకానికీ మూడు ముద్రల్లో ఒకటి పడుతుంది. తాళం వేసి ఉన్నది, ఎప్పటికీ అందరికీ తెరిచి ఉంచినది, తెరిచి ఉంచే ఒప్పందమేమీ లేకపోయినా ప్రస్తుతానికి ఉచితంగా చదవనిస్తున్నది. పాత సంచికలను ప్రచురణ సంస్థ తన ఇష్టంతో ఉచితంగా ఉంచితే అవి సాధారణంగా మూడో ముద్ర కిందికి వస్తాయి. చందా విలువ తేల్చాలంటే మొదటి ముద్ర పడ్డవాటినే చూడాలి. ఊరికే వచ్చేదాన్ని కూడా కలిపి, చూడండి మీవాళ్లు మా జర్నళ్లను ఎంత వాడారో అంటే ఒప్పుకోనక్కర్లేదు. అన్నట్టు, సిద్దిఖీ వ్యాసం సంగతి వేరే. బ్రిటిష్ మెడికల్ జర్నల్ పాత సంచికల స్కాన్ ప్రతులు అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం నడిపే పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉన్నాయి. అక్కడ చదివితే ప్రచురణ సంస్థ సైటు లెక్కలో అది అసలు ఎక్కదు. నల్లగొండ గురించి, నల్లగొండలో చదివినా సరే!

ఇదంతా బాగానే ఉంది. చిక్కంతా చదివేది ఎవరో గుర్తుపట్టడంలో ఉంది. నా దృష్టిలో నియమావళిలో మనం అన్నిటికన్నా శ్రద్ధగా చదువుకోవాల్సిన భాగం ఇదే.

ఒక సెషన్ అంటే ఏమిటి? సైటు ఒక్కో బ్రౌజరుకూ విడివిడిగా గుర్తు ఇస్తే సమస్య లేదు. అలా ఇవ్వని చోట నియమావళి ఒక సర్దుబాటు చెప్పింది. ఐపీ చిరునామా, బ్రౌజర్ రకం, తేదీ, గంట, ఈ నాలుగూ కలిస్తే ఒక సెషన్. సొంత కంప్యూటరు, సొంత గది ఉన్న పరిశోధకుడికి ఇది సరిపోతుంది. ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌ను ఊహించండి. ముప్పై కంప్యూటర్లు, ఒకేసారి కొన్నవి, అన్నిట్లో ఒకే బ్రౌజరు. బయటికి పోయే ఐపీ చిరునామా మొత్తం కాలేజీకి ఒక్కటే. సారు బోర్డు మీద ఒక వ్యాసం పేరు రాసి, అందరూ తెరవండి అన్నారు. ముప్పైమందీ తెరిచారు, చదివారు, ప్రశ్నలు అడిగారు. విడి గుర్తు ఇవ్వని సైటు దృష్టిలో ఇదంతా ఒకే మనిషి, ఒకే గంట, ఒకే వ్యాసం. యూనిక్ రిక్వెస్ట్ ఒకటి. ‘మొత్తం’ లెక్క చూద్దామన్నా, అరనిమిషంలోపు వరసగా పడ్డ క్లిక్కులన్నీ డబుల్ క్లిక్ కిందే కొట్టుకుపోతాయి.

ఇదే సర్దుబాటు ఎదురు తిరిగి కూడా కొడుతుంది. ఒక అధ్యాపకుడు 10:55కు వ్యాసం తెరిచి, మధ్యలో లేచి వెళ్లి వచ్చి 11:05కు పీడీఎఫ్ దించుకున్నాడు. గంట మారింది కాబట్టి సెషన్ మారింది. ఒక్క మనిషి ఇద్దరయ్యాడు. పెద్ద సంఖ్యల్లో ఈ హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి సర్దుకుంటాయని వాదించొచ్చు. సొంత లాప్‌టాప్‌లు ఎక్కువున్న ఐఐటీలో సర్దుకుంటాయేమో. కంప్యూటర్లు పంచుకునే చోట మాత్రం తప్పు ఎక్కువగా ఒకవైపే, తగ్గింపు వైపే మొగ్గుతుంది. ఇక్కడి సంఖ్య పక్కన పెద్ద సంస్థ సంఖ్య పెట్టి ‘వీళ్లు చదవరు’ అని తేల్చేముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

దీనికి విరుగుడు కష్టమైనదేం కాదు, పేరుతో లాగిన్ కావడమే. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ‘ఇన్ఫెడ్’ వ్యవస్థలో ఒక్కో విద్యార్థికీ విడి ఖాతా ఇవ్వొచ్చు, హాస్టల్‌లో ఉన్నా ఊళ్లో ఉన్నా దానితో లోపలికి రావచ్చు. సెలవులకు అచ్చంపేటకో దేవరకొండకో వెళ్లిన పిల్ల ఫోన్‌లో లాగిన్ అయి చదివితే అది ఆమె కాలేజీ వరుసలోనే పడుతుంది. లాగిన్ కాకుండా గూగుల్‌లో దొరికిన ఉచిత వ్యాసం చదివితే? ఆ వాడకాన్ని ఏ సంస్థకూ రాయలేరు. ‘ప్రపంచం’ అనే పద్దులో కలుస్తుంది. 5.1లో ఈ ప్రపంచ పద్దును దేశం, రాష్ట్రం వారీగా విడగొట్టి చూపే వీలు పెట్టారు. అది ఐచ్ఛికం. అంటే ప్రచురణ సంస్థ చూపితే ‘ఇండియా, తెలంగాణ’ అనే వరుస దాకా కనబడుతుంది. అంతకన్నా కిందికి దిగదు. హైదరాబాద్‌లో చదివినదీ నల్లమల అంచున చదివినదీ ఆ వరుసలో ఒకటైపోతాయి.

ఈ ప్రమాణం బయట ఉండిపోయిన చదువూ చాలా ఉంది. శోధగంగలోని తెలుగు సిద్ధాంత గ్రంథాలు, సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక పాత సంచికల స్కాన్‌లు, పీడీఎఫ్‌లుగా చేతులు మారే పోటీ పరీక్షల పుస్తకాలు ప్రచురణ సంస్థల నెలవారీ నివేదికల్లో కనబడవు. పాలమూరు సాహిత్యం మీద పరిశోధన చేసే తెలుగు శాఖ విద్యార్థి రోజంతా ఆన్‌లైన్‌లోనే చదివినా చందా జర్నళ్ల లెక్కలో అతని వాటా సున్నా. ప్రమాణాన్ని తప్పుపట్టి లాభం లేదు. అది కొనుగోళ్ల కోసం పుట్టింది, చదువరుల జనాభా లెక్క కోసం కాదు. ఆ తేడా మరిచి, ఒకదాన్ని రెండోదిగా చూపే నివేదికలనే అనుమానించాలి.

ఇక యంత్రాలు. సెర్చ్ ఇంజన్ల రోబోలు చేసే సందర్శనలను లెక్కలోంచి తీసేయాలని నియమావళి అంటోంది, తెలిసిన రోబోల జాబితా కూడా నిర్వహిస్తోంది. వేలాది వ్యాసాలను కంప్యూటరుతో ఒకేసారి జల్లెడపట్టే పరిశోధనకు విడి ముద్ర ఉంది. ఈ రెంటికీ మధ్య ఇప్పుడు మూడోది వచ్చి కూర్చుంది. విద్యార్థి కృత్రిమ మేధ సహాయకుడిని అడుగుతాడు, అది వెళ్లి వ్యాసం తెరిచి, చదివి, నాలుగు వాక్యాల్లో తెలుగులో చెప్తుంది. తెరిచింది యంత్రం, అడిగింది మనిషి. రోబో అని కొట్టేస్తే మనిషి అవసరం మాయమవుతుంది. మనిషి అని రాసుకుంటే, ఒక్క ప్రశ్నకు యంత్రం తిరగేసిన ఇరవై వ్యాసాలూ ఇరవై చదువులవుతాయి. దీని మీద ప్రచురణ సంస్థలు, లైబ్రరీలు తర్జనభర్జన పడుతూనే ఉన్నాయి. తర్వాతి సవరణల్లో ఎక్కువ సిరా దీనికే ఖర్చయ్యేలా ఉంది.

నన్నడిగితే, మన లైబ్రరీలకు ఈ నివేదికల్లో అన్నిటికన్నా పనికొచ్చేది ఎవరూ పెద్దగా పట్టించుకోని ‘నో లైసెన్స్’ గడి. సంస్థకు హక్కు లేని వ్యాసాన్ని అక్కడి విద్యార్థి తెరవబోయి, డాలర్లలో ధర చెప్పే పేజీకి తగిలి వెనక్కొచ్చినప్పుడు ఆ గడిలో ఒకటి పడుతుంది. పక్కనే ‘లిమిట్ ఎక్సీడెడ్’ అనే గడి. హక్కు ఉన్నా, ఒకేసారి ఇంతమందే అన్న పరిమితి దాటినందుకు ఆగిపోయినవాళ్లు అందులో ఉంటారు. జర్నళ్ల వారీగా ఈ రెండూ చూపే నివేదిక పేరు టీఆర్-జే2. చదివినవాటి లెక్క ఇప్పటికే ఉన్నదాని గురించి చెప్తుంది. ఇదొక్కటే లేనిదాని గురించి చెప్తుంది. అయితే ఇదీ సంస్థను గుర్తుపట్టిన చోటే పడుతుంది. లాగిన్ కాకుండా ఫోన్‌లో తగిలి వెనక్కొచ్చిన పిల్ల ఆ గడిలో కూడా లేదు.

పథకం కోసం ఇన్‌ఫ్లిబ్‌నెట్ చేతికి వచ్చే లెక్కలైనా, సంస్థలు తమకు తాముగా ప్రచురణ సంస్థల సైట్ల నుంచి తెప్పించుకునే నివేదికలైనా ఈ గడులతోనే వస్తాయి. 2027 ముగిసి మళ్లీ బేరానికి కూర్చునే నాటికి 36 నెలల లెక్క పోగవుతుంది. ఎవరెంత చదివారో ఢిల్లీలో ఎలాగూ చూస్తారు. నల్లగొండ వైద్య కళాశాలలోనో పాలమూరు యూనివర్సిటీలోనో పిల్లలు అడిగి దొరక్క వెనుదిరిగిన జర్నళ్లేమిటో మాత్రం, అక్కడి లైబ్రేరియన్ నెలనెలా ఆ గడి తీసి చూసి పైకి రాస్తే తప్ప ఎవరి బల్ల మీదికీ రాదు.